ఆట ముగిశాక అరగంట

బోర్డు ఆటలను అభిరుచిగా పెట్టుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఏ ఆట కొనాలని. దానికి జవాబు ఈ అధ్యాయంలోనే చెబుతాను. అంతకన్నా ముందు ఆలోచించవలసింది ఒకటుంది. ఆట అయిపోయాక, పావులు డబ్బాలోకి చేరేలోపు మీ బల్ల దగ్గర ఏం జరుగుతోంది? చాలా ఇళ్లలో ఎవరు గెలిచారో ఒకసారి అనుకుని లేచిపోతారు. ఆ లేవడాన్ని ఒక అరగంట వాయిదా వేసుకోండి. ఆడినదాని గురించి మాట్లాడుకోండి, తరువాత ఒక పేజీ రాసుకోండి, కొన్నిసార్లు ఆడాక ఆ పేజీలను మరొకరికి పనికివచ్చే సమీక్షగా మార్చండి. ఇలా చేసేవారికి బోర్డు ఆట తమ నిర్ణయాలను తాము పరీక్షించుకునే చోటవుతుంది. చేయనివారికి అది సరదాగా గడిచిన సాయంత్రంగా మిగులుతుంది. సరదా తక్కువదేమీ కాదు. అయితే అదే సాయంత్రంలో ఇంకా చాలా దొరుకుతుంది కాబట్టి ఈ అధ్యాయం.

మనకు ఇలాంటి ఆటలు కొత్త కావు. గవ్వలు వేసి కాయల్ని పండించుకునే అష్టాచెమ్మా, చింతపిక్కలు గుంటల్లో పంచుకుంటూ పోయే వామనగుంటలు, 3 పులులకూ 15 మేకలకూ మధ్య సాగే పులిజూదం మన అరుగుల మీద ఆడినవే. తరువాతి తరానికి ‘బిజినెస్’ డబ్బా వచ్చింది. ఆ డబ్బాతో పెరిగినవారికి దాని ఇబ్బందీ తెలుసు. డబ్బు అయిపోయినవారు అందరికన్నా ముందే బయటికొచ్చి, మిగతావాళ్లు ఆడుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఎవరు గెలుస్తారో తేలిపోయాక కూడా ఆట ముగియదు.

గత నాలుగైదు దశాబ్దాల్లో ముందు జర్మనీలో, తరువాత ప్రపంచమంతటా తయారైన ఆటలు ఈ రెండు ఇబ్బందులనూ సరిచేశాయి. వీటిలో చాలా ఆటల్లో మధ్యలో ఎవరూ బయటికి పోరు. ఎప్పుడు ముగియాలో నియమాల్లోనే ఉంటుంది. కార్కసోన్‌లో 72 పలకలు అయిపోగానే ముగుస్తుంది. కటాన్‌లో ఎవరైనా తమ వంతులో 10 పాయింట్లు చేరగానే ముగుస్తుంది. ఓడిపోతున్నవారు కూడా చివరి వంతుదాకా ఏదో ఒకటి కట్టుకుంటూనే ఉంటారు.

కటాన్‌ను 1995లో తెచ్చిన క్లౌస్ టోయ్‌బర్ వృత్తిరీత్యా కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబు నడిపిన మనిషి. పని ముగించుకుని వచ్చి ఇంట్లో ఆటలు కల్పించేవాడు. భార్యాపిల్లలతో ఆడించి చూసి, మార్చి, మళ్లీ ఆడించేవాడు. కటాన్‌కు ఆ ఏడాది జర్మనీ వారి ‘ష్పీల్ దెస్ యారెస్’, అంటే ఏటి మేటి ఆట బహుమతి వచ్చింది. 1979 నుంచి ఇస్తున్న ఈ బహుమతి గురించి మనకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దాన్ని నిర్ణయించేది ఆటలు అమ్మేవారు కారు, ఆటల మీద రాసే విమర్శకులు. నగదు ఉండదు. గెలిచిన ఆట డబ్బా మీద ఒక ఎర్ర పావు గుర్తు వేసుకోవచ్చు, అంతే. ఆ గుర్తు చూసి జర్మన్ కుటుంబాలు కొంటాయి. సినిమాలకూ పుస్తకాలకూ ఉన్నట్టే ఆటలకూ నమ్మదగిన విమర్శ ఉండాలని అక్కడివారు తొందరగా గుర్తించారు, అందువల్లే మంచి ఆటలు పుట్టాయని నా నమ్మకం.

అదృష్టం ఎక్కడ పడుతోంది?

కటాన్‌తోనే మొదలుపెడదాం. ద్వీపంలో 19 ఆరు మూలల పలకలు ఉంటాయి. ఒక్క ఎడారి తప్ప ప్రతి పలక మీదా ఒక అంకె. రెండు పాచికలు వేసి వచ్చిన మొత్తం ఏ పలక మీద ఉందో చూస్తారు. దాని మూలల్లో ఊరు కట్టుకున్నవారికి ఆ పలక ఇచ్చే సరుకు వస్తుంది: కట్టె, ఇటుక, ఉన్ని, గోధుమ, ఖనిజం. రెండు పాచికలు 36 విధాలుగా పడగలవు. అందులో 8 పడే విధాలు 5. 12 పడేది ఒక్క విధంగానే. అందుకే 6, 8 అంకెలను ఎర్రగా అచ్చు వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా, 6 విధాలుగా పడే 7 మాత్రం ఏ పలక మీదా ఉండదు. అది పడితే దొంగ కదులుతాడు, చేతిలో 7 ముక్కలకన్నా ఎక్కువ దాచుకున్నవారు సగం వదులుకోవాలి.

ఇప్పుడు ఒకరు 8 మీద, మరొకరు 12 మీద ఊరు కట్టారనుకోండి. ఆ సాయంత్రం 12 నాలుగుసార్లు పడింది, 8 ఒక్కసారే పడింది. 12 మీద కట్టినవారు గెలిచారు. బల్ల చుట్టూ ఉన్నవారు “నీ ఎత్తు భలే పారింది” అంటారు. ఓడినవారు తమ ఎంపికే తప్పనుకుంటారు. నిజానికి కట్టే సమయానికి తెలిసిన సమాచారంతో చూస్తే 8 మీద కట్టడమే మంచి నిర్ణయం. చెడింది ఫలితం. రేపు అదే అవకాశం వస్తే మళ్లీ 8 మీదే కట్టాలి. 12 పక్కన రేవు ఉందనో, ద్వీపంలో ఖనిజం దొరికే మిగతా చోట్లు అప్పటికే నిండిపోయాయనో లెక్కవేసి కట్టి ఉంటే అది వేరే సంగతి. ఆ లెక్కను మెచ్చుకోవాలి, పాచికను కాదు.

ఈ తేడాను పట్టుకోవడం జీవితంలో చాలా కష్టం. ఉద్యోగం మారడమో, ఈసారి ఏ పంట వేయాలో, ఏ కోర్సులో చేరాలో నిర్ణయించుకుంటే దాని ఫలితం తేలడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. తేలాక మనం ఫలితాన్ని చూసి వెనక్కి వెళ్లి నిర్ణయానికి పేరు పెడతాం. బాగుపడితే తెలివి, చెడితే తొందరపాటు. ఏ సమాచారంతో నిర్ణయించుకున్నామో అప్పటికి మరిచిపోతాం. ఆటలో అయితే నిర్ణయం, ఫలితం రెండూ ఒకే సాయంత్రంలో, కళ్లముందే జరుగుతాయి. అదే స్థితి వచ్చే వారం మళ్లీ వస్తుంది. నిర్ణయాన్ని ఒక పక్క, ఫలితాన్ని మరో పక్క పెట్టి చూసే అభ్యాసానికి ఇంతకన్నా చవకైన, ఎవరికీ నష్టం కలగని చోటు నాకు కనబడలేదు.

ఇక్కడే ఆటను అంచనా కట్టే మొదటి పనిముట్టు దొరుకుతుంది. ‘ఈ ఆటలో అదృష్టం ఎక్కువ’ అన్న మాట సమీక్షల్లో తరచూ కనిపిస్తుంది. ఆ మాటతో చదివేవారికి ఏమీ తెలియదు. అదృష్టం నిర్ణయానికి ముందు పడుతోందా, తరువాత పడుతోందా అన్నది చెప్పాలి. వైకుంఠపాళిలో నిర్ణయమే లేదు. పందెం ఎంత పడితే అంత నడవాలి, పామైతే దిగాలి, నిచ్చెనైతే ఎక్కాలి. అష్టాచెమ్మాలో ముందు గవ్వలు పడతాయి, ఆ తరువాత ఏ కాయను నడపాలి, ఎవరి కాయను చంపాలి అన్నది మన ఇష్టం. అదృష్టం సమస్యను ఇస్తుంది, జవాబు మనం చెబుతాం. కటాన్‌లో ఊరు ముందే కడతాం, పాచిక తరువాత తీర్పు చెబుతుంది. పులిజూదంలో అదృష్టానికి చోటే లేదు.

2018లో జర్మన్ బహుమతి గెలిచిన అజూల్‌ను చూడండి. రంగు పలకలను సంచిలోంచి తీసి, నాలుగేసి చొప్పున గుండ్రటి అట్టల మీద అందరికీ కనబడేలా పరుస్తారు. అవి ఎలా పడతాయన్నది అదృష్టమే. కానీ పడ్డాక దాచేదేమీ లేదు. ఏ రంగు తీసుకుంటే పక్కవారికి ఏం మిగులుతుందో అందరూ చూస్తూనే ఉంటారు. పాచిక తమను ముంచిందని చిరాకుపడే మనిషికి అజూల్ హాయిగా ఉంటుంది. ఆఖరి పాచిక ఏం పడుతుందోనన్న ఉత్కంఠ కావలసినవారికి అది పొడిగా తోచవచ్చు. సమీక్షకుడు చెప్పవలసింది ఈ తేడాను.

ఒక చిన్న అభ్యాసం చేయండి. కటాన్ ఆడుతున్నప్పుడు ఒక కాగితం మీద 2 నుంచి 12 దాకా అంకెలు రాసి, పాచిక పడినప్పుడల్లా ఆ అంకె పక్కన గీత పెట్టండి. పిల్లలకు ఈ పని ఇష్టం. ఆట ముగిశాక ఆ గీతలు చూస్తే ఎవరి గెలుపులో పాచిక వాటా ఎంతో బల్ల చుట్టూ ఉన్నవారికి వేరే చెప్పక్కరలేదు. ఓడినవారి మనసు తేలికపడుతుంది. గెలిచినవారు ఏ నిర్ణయాలకు గర్వపడాలో వారికి తెలుస్తుంది.

ఎవరితో, ఏ ఆట

ఆటను ఎంచుకునేటప్పుడు ఆట పేరుతో మొదలుపెట్టకండి, మీ బల్ల దగ్గర కూర్చునేవారితో మొదలుపెట్టండి. ఎంతమంది, ఎంతసేపు కూర్చోగలరు, చదవగలరా, పోటీ పడటం ఇష్టమేనా? ఎనిమిదేళ్ల పాప, నాయనమ్మ, ఇద్దరు పెద్దలు ఉన్న ఇంటికి కార్కసోన్ బాగుంటుంది. ఒక పలక తీయాలి, దారికి దారి, కోటకు కోట కలిసేలా పెట్టాలి, కావాలంటే తన మనిషి బొమ్మను దానిమీద నిలబెట్టాలి. పలకల మీద అక్షరం లేదు కాబట్టి భాష అడ్డురాదు. మొదటిసారి ఆడేటప్పుడు పొలాల్లో రైతులను పడుకోబెట్టే నియమాన్ని వదిలేయండి. కొత్తవారికి గందరగోళం కలిగించేది ఆ ఒక్కటే.

ఆరుగురో ఎనిమిది మందో పోగైతే కోడ్‌నేమ్స్. చెక్ దేశస్థుడు వ్లాదా ఖ్వాటిల్ చేసిన ఈ ఆట 2016లో బహుమతి గెలిచింది. బల్ల మీద 5 వరుసల్లో 25 మాటలు పరుస్తారు. ఒక్కో జట్టు నాయకుడు ఒకే మాట, ఒకే అంకె చెప్పి, తమ జట్టు మాటలను తమవారితో పట్టించాలి. ఇంగ్లీషు మాటల ముక్కలతో ఆడితే మన ఇళ్లలో సగం మంది మౌనంగా ఉండిపోతారు. అందుకని పాత శుభలేఖల అట్టలు కత్తిరించి తెలుగు మాటలు రాసుకోండి: తాళం, మేళం, పాలు, కుండ, రథం, చెరువు, వరస, కొమ్ము, పందిరి. “పెళ్లి, 3” అని నాయకురాలు అనగానే మేళం, పందిరి తేలిగ్గానే దొరుకుతాయి. మూడోది పాలా, కుండా, వరసా అని జట్టంతా వాదించుకుంటుంది. అంతసేపూ ఆమె ముఖంలో ఏ కదలికా చూపకూడదు. ఇంగ్లీషు ముక్కలతో మాట్లాడని పెద్దమ్మలూ బాబాయిలూ ఇక్కడ ఆటను తమ చేతుల్లోకి తీసుకుంటారు. మాటలు మార్చుకుంటే పాత డబ్బా మీ ఇంటి ఆట అయిపోతుంది.

ఈ ఆటల వెల వేలల్లో ఉంటుంది కాబట్టి డబ్బు సంగతి సూటిగా చెబుతాను. ఆడకుండా కొనకండి. హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో గంటకు ఇంతని తీసుకుని ఆడనిచ్చే బోర్డు గేమ్ కెఫేలు ఉన్నాయి. అమెరికాలో ఉన్న తెలుగువారికి అక్కడి కొన్ని పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాల్లాగే ఆటలనూ అరువిస్తాయి. నలుగురు స్నేహితులు తలా ఒకటి కొని మార్చుకోవచ్చు. ఈ అభిరుచిలో పెద్ద ప్రమాదం కొనడమే ఆడటమని భ్రమపడటం. అరలో విప్పని డబ్బాలు పెరుగుతుంటాయి, ఒక్క ఆటా ఒంటబట్టదు. పది ఆటలు ఒక్కోసారి ఆడినవారికన్నా ఒక ఆటను పదిసార్లు ఆడినవారి మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

నేర్పేటప్పుడు, ఆడేటప్పుడు

నియమాల పుస్తకాన్ని బల్ల దగ్గర చదివి వినిపించవద్దు. ముందు రోజు ఒంటరిగా ఇద్దరి చేతులూ మీరే ఆడుతూ ఒక అర ఆట నడిపించండి. ఎక్కడ చిక్కు పడుతుందో అప్పుడే తెలుస్తుంది. నేర్పేటప్పుడు ఆటలో మనం ఎవరం, ఎలా గెలుస్తాం, ఎప్పుడు ముగుస్తుంది అన్నవి ముందు చెప్పండి. ఆ తరువాతే ఒక వంతులో ఏం చేయవచ్చో చెప్పండి. అరుదుగా వచ్చే నియమాలను అవి వచ్చినప్పుడు చెబితే చాలు. పాయింట్లు పోగొట్టే నియమాన్ని మాత్రం ముందే చెప్పాలి. ఊళ్లను రైలు దారులతో కలిపే టికెట్ టు రైడ్‌లో, ఏ ఊళ్లు కలపాలో చెప్పే టికెట్లను పూర్తిచేయలేకపోతే వాటి పాయింట్లు చివరికి తీసివేస్తారు. ఆ సంగతి చివర్లో తెలిస్తే కొత్తవారు మళ్లీ ఆ డబ్బా ముట్టుకోరు. వారి కోపం న్యాయమైనదే.

కలిసి ఆడి, కలిసి గెలిచే లేదా ఓడే ఆటల్లో మరో చిక్కు ఉంది. మాట్ లీకాక్ 2008లో చేసిన పాండెమిక్‌లో అందరూ ఒకే జట్టు. 48 నగరాల మీద 4 రోగాలు వ్యాపిస్తుంటే అడ్డుకోవాలి. పటంలో చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా ఉన్నాయి. ఆట గొప్పది. కానీ అన్ని ముక్కలూ అందరికీ తెలుస్తాయి కాబట్టి అనుభవం ఉన్న ఒకరు అందరి వంతులూ తామే ఆడేస్తారు.

“బావా, నువ్వు చెన్నై వెళ్లి అది తీసెయ్. చెల్లీ, నీ ముక్క బావకివ్వు.”

“నా వంతు నన్ను ఆడనివ్వు అన్నయ్యా.”

ఇంట్లో, ఆఫీసులో, ఊరి పెళ్లిళ్లలో పెద్దరికం చేసే మనిషి ఇక్కడ బయటపడతాడు. మీరు అలాంటివారని అనుమానం ఉంటే ఒక నియమం పెట్టుకోండి: అవతలివారు “నీకేం తోస్తోంది?” అని అడిగేదాకా వారి వంతులో మాట్లాడకూడదు. మొదట్లో కష్టంగా ఉంటుంది. కొన్ని ఆటలయ్యాక, చిన్నవాళ్లు మీకు తోచని దారి చూపించడం మొదలుపెడతారు. ఈ చిక్కుకు ఆటల రూపకర్తలే మంచి మందులు కనిపెట్టారు. ఆంత్వాన్ బౌజా చేసిన హనాబిలో మన ముక్కలు మనకు కనబడవు, ఎదుటివారి వైపు తిప్పి పట్టుకోవాలి. ఎదుటివారు పొదుపుగా ఇచ్చే సూచనలే మనకు దిక్కు. 2024లో బహుమతి పొందిన స్కై టీమ్‌లో ఇద్దరు పైలట్లు విమానాన్ని దింపాలి, పాచికలు వేశాక ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. భార్యాభర్తలకు ఈ ఆటను నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

పేజీ, సమీక్ష

ఇప్పుడు ఆ అరగంట. ఒక నోటుబుక్కు ఉంచుకోండి. తేదీ, ఆట పేరు, ఎంతమంది, నియమాలు చెప్పడానికి ఎంతసేపు, ఆడటానికి ఎంతసేపు పట్టింది రాయండి. డబ్బా మీద రాసిన సమయంలో నియమాలు నేర్పే సమయం కలిసి ఉండదు కాబట్టి ఈ లెక్క చదివేవారికి చాలా ఉపయోగం. ఎవరు గెలిచారో రాయకపోయినా ఫర్వాలేదు. తప్పకుండా రాయవలసింది మీరు ఎక్కడ తటపటాయించారన్నది. రెండు దారులూ మంచివనిపించి చేయి ఆగిపోయిన క్షణం ఒకటైనా ఉందా? ఉంటే ఏవి ఆ రెండు దారులు, ఏది ఎంచుకున్నారు, ఎందుకు? ఫలితం ఏమైందన్నది దాని కింద విడిగా రాయండి. అలాంటి క్షణం ఒక్కటీ లేకపోతే ఆ ఆట మీతో ఏమీ అడగలేదన్నమాట.

బల్ల చుట్టూ చూసినదీ రాయండి. ఎవరు ఎప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నారు? ఏ నియమాన్ని మళ్లీ మళ్లీ అడిగారు? ఎవరైనా “ఇంకో ఆట వేద్దామా?” అన్నారా? ఇవి ఆట గురించి మీ అభిప్రాయంకన్నా గట్టి సాక్ష్యాలు. ఇలా చూడటం అలవాటైన మనిషి ఆట లేనప్పుడు కూడా నలుగురిలో ఎవరు మాట్లాడకుండా ఉండిపోయారో గమనిస్తాడు.

కనీసం మూడుసార్లు, వీలైతే వేర్వేరు సంఖ్యల మనుషులతో ఆడకుండా తీర్పు చెప్పవద్దు. ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఆడవచ్చని డబ్బా మీద ఉన్నా, ఇద్దరితో ఉన్న ఆట వేరు, అయిదుగురితో ఉన్నది వేరు. ఒక్కసారే ఆడి రాస్తే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి. తయారీదారు ఉచితంగా పంపిన ఆటైతే అదీ చెప్పండి.

సమీక్ష రాయడానికి కూర్చున్నప్పుడు జర్మన్ బహుమతి విమర్శకులు చూసే అంశాలు మంచి ఆసరా: ఆట వెనక ఉన్న ఊహ కొత్తదా, ఆడదగ్గదా; నియమాలు స్పష్టంగా అమరాయా; డబ్బా, బోర్డు, నియమాల పుస్తకం తీరు ఎలా ఉంది; వస్తువుల పనితనం ఎలాంటిది. వీటిలో మొదటిదానికి ఎక్కువ చోటు ఇవ్వండి. మన సమీక్షల్లో పేజీలకు పేజీలు నియమాలే తిరగరాస్తుంటారు. నియమాలు డబ్బాలో ఉంటాయి. చదివేవారికి కావలసింది, ఆ నియమాలు కలిసి మనిషిచేత ఏం చేయిస్తాయన్నది.

ఒక ఉదాహరణ. “టికెట్ టు రైడ్ చాలా బాగుంది. బొమ్మలు అందంగా ఉన్నాయి. పిల్లలూ పెద్దలూ ఆడవచ్చు. పదికి ఎనిమిది.” ఇందులో అబద్ధం లేదు, ఉపయోగమూ లేదు. ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి:

“వంతులో చేసేది మూడింటిలో ఒక్క పని: రంగు ముక్కలు తీసుకోవడం, దారి వేయడం, కొత్త టికెట్లు ఎంచుకోవడం. ఒక రైలు పెట్టె పట్టే దారికి 1 పాయింటు, ఆరు పెట్టెల దారికి 15. అంటే పెట్టెకో పాయింటు ఇచ్చే చిన్న దారులు వేయడం దండగ, ముక్కలు దాచి పెద్ద దారి వేయాలి అనిపిస్తుంది. దాచుకుంటూ ఉండగా మన రెండు ఊళ్లను కలిపే ఒక్క పెట్టె దారిని పక్కవారు వేసేస్తారు. ఎప్పుడు ఓపిక పట్టాలి, ఎప్పుడు తొందరపడాలి అన్న ఈ లాగుడే ఆట అంతా. ఇద్దరు ఆడితే పటం విశాలం, ఎవరి దారి వారిది. జంట దారుల్లో ఒకటే వాడాలన్న నియమం ఉన్నా ఇరుకు తక్కువే. నలుగురు అయిదుగురు కూర్చుంటే మూడో వంతుకే గుండె దడ మొదలవుతుంది. తమ దారి మూసుకుపోతే తట్టుకోలేని చిన్నపిల్లలతో ఇద్దరుగా మొదలుపెట్టండి.”

ఇది చదివినవారు ఆట తమకు సరిపోతుందో లేదో తామే తేల్చుకోగలరు. అంకె అక్కరలేదు.

కొన్నిసార్లు ఒక్క అంశాన్ని గమనిస్తే సమీక్ష మొత్తం తెరుచుకుంటుంది. పక్షులంటే ప్రాణంగా ఉండే ఎలిజబెత్ హార్‌గ్రేవ్ 2019లో తెచ్చిన వింగ్‌స్పాన్‌లో 170 పక్షుల ముక్కలు ఉన్నాయి. బొమ్మల అందం గురించి అందరూ రాశారు. నాకు ముఖ్యమనిపించింది వంతుల లెక్క. నాలుగు దఫాల ఆటలో మొదటి దఫాకు 8 వంతులు, తరువాత 7, 6, 5. మన అడవిలో పక్షులు చేరేకొద్దీ ఒక్కో వంతులో ఎక్కువ పని అవుతుంది, వంతులు మాత్రం తగ్గుతూ పోతాయి. ఆట చివర్లో తీరికగా అనిపించకుండా బిగువుగా ఉండటానికి కారణం ఇదే. ఇలాంటి కీలు ప్రతి మంచి ఆటలోనూ ఒకటుంటుంది. దాన్ని వెతకడమే సమీక్షకుడి ఆనందం.

ఆట చెప్పే మాట

నియమాలకు అభిప్రాయాలు ఉంటాయి. పాపానికి పాము, పుణ్యానికి నిచ్చెన పెట్టిన పరమపదసోపాన పటం ఆ సంగతి దాచుకోలేదు. మోనోపొలీకి మూలమైన ‘లాండ్‌లార్డ్స్ గేమ్’కు అమెరికాలో 1904లో పేటెంటు పొందిన లిజీ మేగీ, భూమి కొందరి చేతుల్లో పోగుపడితే మిగతావారి గతి ఏమవుతుందో చూపించాలనే దాన్ని చేసింది. 1935లో పార్కర్ బ్రదర్స్ మోనోపొలీని అమ్మడం మొదలుపెట్టేనాటికి పోగుచేయడమే గెలుపైంది. మన ఇళ్ల ‘బిజినెస్’ డబ్బా ఆ వంశంలోదే.

2002 నాటి ప్యూర్టో రికో ఆటను ఎంతోమంది అత్యుత్తమమని మెచ్చారు. నిర్ణయాల అల్లికలో అది ఇప్పటికీ గట్టిదే. ఆటగాళ్లు తోటల యజమానులు, ఓడల్లో దిగే గోధుమరంగు బిళ్లలు ఆ తోటల్లో పనిచేస్తాయి. ఆ బిళ్లలు చరిత్రలో ఎవరన్నది నియమాల పుస్తకం చెప్పదు. బానిసత్వాన్ని ఇలా కప్పిపెట్టడం మీద విమర్శలు వచ్చాయి. 2022లో ‘ప్యూర్టో రికో 1897’ పేరుతో బానిసత్వం రద్దయిన తరువాతి కాలానికి మార్చిన ఆట వెలువడింది. విమర్శ రాసేవారు గట్టిగా అడిగితే ఆటలు మారతాయి. వలస పాలన కిందా, దొరల తోటల కిందా తాతముత్తాతలు పనిచేసిన మనలాంటివారు ఈ ప్రశ్న అడగకుండా ఊరుకోకూడదు. ఈ ఆటలో నేను ఎవరిని, నా గెలుపు కోసం పనిచేస్తున్నది ఎవరు అన్న వాక్యం ప్రతి సమీక్షలోనూ ఒకటి ఉండాలి.

చివరగా, తెలుగులో ఆటల మీద రాసేవారు చాలా తక్కువ. ఆ కొరతను మీ ఇంటినుంచే తీర్చడం మొదలుపెట్టవచ్చు. మీకు బాగా తెలిసిన ఒక ఆటకు ఒక్క పేజీలో తెలుగు నియమాలు రాసి డబ్బాలో పెట్టండి. పైన గెలుపు ఎలాగో, ముగింపు ఎప్పుడో రాయాలి. మధ్యలో వంతులో చేయగల పనులు, కింద పాయింట్ల పట్టిక, వెనక పక్క మీ బల్ల దగ్గర తరచూ అడిగిన ప్రశ్నలు, వాటి జవాబులు. ముక్కల మీద ఇంగ్లీషు ఉంటే ఒక్కో ముక్క పని ఒక్కో తెలుగు వాక్యంలో. రాశాక, ఆ ఆట ఎప్పుడూ ఆడని ఒకరికి ఆ పేజీ ఇచ్చి, మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. వారు ఆగిన ప్రతి చోటా మీ పేజీలో ఒక వాక్యం మారాలి. వారు ఎక్కడా ఆగకుండా ఆడగలిగినప్పుడు దాని మీద పెన్సిల్ గీతలు చెరిపి, పెన్నుతో తిరగరాయండి.